ఆగేదాకా ముట్టుకోకూడదా?

ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా, ఏ మిల్లుకు వెళ్ళినా వినబడే మాట ఒకటుంది: "నడుస్తున్న మిషన్‌ని కెలకొద్దు." యజమాని అంటాడు, ప్రొడక్షన్ మేనేజర్ అంటాడు, చివరికి తల నెరిసిన ఫిట్టర్ కూడా అంటాడు. ఇది సోమరితనంలోంచి పుట్టిన మాట అని కొట్టిపారేస్తే కుదరదు. దీని వెనక ఒక వాదన ఉంది. ముందు దాన్ని దాని బలంతోనే చెప్పాలి.

ఆ వాదన ఇలా సాగుతుంది. మిషన్ నడిచినంతసేపూ డబ్బు సంపాదిస్తుంది. ఆపితే ఆ గంటల ఉత్పత్తి పోతుంది. విప్పితే సామాన్ల ఖర్చు, మనుషుల ఖర్చు. ఇంత చేసి ఓవర్‌హాలింగ్ పూర్తిచేస్తే, వారం తిరక్కుండా అంతకుముందు లేని శబ్దాలు, లీకులు, వేడి మొదలవుతాయి. ఏ బేరింగు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, తేదీ చూసి మార్చడమంటే ఆయుష్షున్న దాన్ని పారేయడమే. అందువల్ల పాడైనప్పుడు చూసుకోవడమే తెలివి. చెయ్యి తిరిగిన మెకానిక్ ఒకడుంటే రెండు గంటల్లో ఎలాగోలా నడిపించేస్తాడు.

ఇందులో నిజాలున్నాయి, దాచను. ఆ నిజాల నుంచి తీసిన ముగింపు మాత్రం తప్పు. అది డబ్బు పోగొట్టే తప్పే కాదు, మనుషుల్ని చంపే తప్పు కూడా.

1. నడవడం వేరు, బాగుండటం వేరు

ఈ వాదనంతా ఒక్క ఊహ మీద నిలబడి ఉంది: నడుస్తోందంటే బాగున్నట్టే అని. ఆ ఊహ తప్పని బేరింగు పోయే తీరే చెబుతుంది. బేరింగు ఒక్కసారిగా పోదు. ముందు బాల్స్ పరిగెత్తే దారిలో, పైపొర కింద, కంటికి కనబడని పగులు పుడుతుంది. వైబ్రేషన్ మీటరుకు మాత్రమే అందే దశ అది. తర్వాత పైపొర పెచ్చులుగా లేచి, గ్రీజులో సన్నటి ఇనుప రజను కలుస్తుంది. ఆ తర్వాత చెవికి గరగర వినబడుతుంది. ఆపైన చెయ్యి పెట్టలేనంత వేడి. చివరికి షాఫ్ట్ పట్టేస్తుంది. మొదటి సంకేతానికీ చివరి పట్టివేతకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. ఆ వారాలన్నీ లాగ్‌బుక్కులో "మిషన్ రన్నింగ్, ఓకే" అనే ఉంటుంది.

తుంగభద్ర డ్యాం 19వ గేటు కూడా ఏడు దశాబ్దాల పాటు అలాగే పనిచేసింది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లలో పోయింది ఒకటే. అయినా దాన్ని మూయడం కోసం, నిండుగా ఉన్న రిజర్వాయరు నుంచి పదుల టీఎంసీల నీటిని కిందికి వదలాల్సి వచ్చింది. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల రైతులు, కర్ణాటక రైతులు ఆ సీజన్‌కు నమ్ముకున్న నీళ్ళవి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ముందుండి నడిపించగా, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి ఆపడం గొప్ప పని. ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆ పలకల్ని గేటు పోయాక హడావిడిగా తయారు చేయించాల్సి వచ్చిందన్న సంగతి మరవకూడదు. గొలుసు లింకు ఒక్క రాత్రిలో అరగదు. అది ఎంత అరిగిందో కొలిచే పని, పోతే అడ్డం పెట్టడానికి ఏముందో చూసుకునే పని నీళ్ళు లేని ఎండాకాలంలో చెయ్యాలి. నడుస్తున్నదాన్ని కెలకొద్దనే బుద్ధి ఆ ప్రశ్నలు పుట్టనివ్వదు.

2. "విప్పితేనే పాడవుతుంది"

ప్రతివాదుల చేతిలో ఉన్న అసలైన ఆయుధం ఇదే. దీనికి వాళ్ళెవరూ చెప్పని సాక్ష్యం నేనే ఇస్తాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ వాయుసేన కోస్టల్ కమాండ్‌లో సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు బాంబర్ విమానాల మరమ్మతు లెక్కల్ని పరిశీలించారు. ఎగిరిన ప్రతి 50 గంటలకూ విమానాన్ని విప్పి తనిఖీ చేసేవారు. ఆ తనిఖీ అయిన వెంటనే అనుకోని రిపేర్లు పెరిగి, గంటలు గడిచే కొద్దీ తగ్గుతున్నాయని లెక్కలు చూపాయి. తనిఖీయే కొత్త లోపాలను తెచ్చిపెడుతోందన్నమాట. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక మరో అడుగు ముందుకు వేసింది. తాము పరిశీలించిన విమాన భాగాల్లో వయసుతో పాటు అరిగిపోయే లక్షణం కనబడినవి 11 శాతమేనని, 68 శాతం భాగాల్లో కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే వైఫల్యం ఎక్కువని తేల్చింది.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం "కెలకొద్దు" పక్షానికి దొరకదు. మరి దీన్ని చూసి విమానయాన రంగం ఏం చేసింది? పాడైనప్పుడు చూద్దామని చేతులు ముడుచుకుందా? లేదు. ఏ పనికి ప్రయోజనం ఉంది, ఏ పనికి లేదు అని ఒక్కొక్కదాన్నీ విడదీసి చూసింది. విప్పకుండా కొలవగలిగిన చోట కొలతకు మారింది. వయసుతో అరిగే ఆ 11 శాతానికి గడువు తప్పకుండా పాటించింది. బిగించే పనికి కొలతలు, సంతకాలు, రెండో మనిషి తనిఖీ పెట్టింది. ఎక్కువ మెయింటెనెన్స్, తక్కువ మెయింటెనెన్స్ అన్న బేరం కాదది. మంచి మెయింటెనెన్స్ కావాలన్న పట్టుదల.

ఇక ఆ తొలిరోజుల వైఫల్యం ఎక్కడి నుంచి వస్తుంది? కొంత తయారీ లోపం వల్ల. మన ఫ్యాక్టరీల్లో మాత్రం చాలావరకు మన చేతుల నుంచే. ఒక పంపు బేరింగు మార్చే పని దగ్గరగా చూడండి.

కొత్త బేరింగు షాఫ్ట్ మీద బిగుతుగా కూర్చోవాలి. ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీల దాకా వేడిచేస్తే లోపలి రింగు కొద్దిగా సాగి, మందపాటి గ్లౌజు చేత్తో తోస్తే మెత్తగా జారి షాఫ్ట్ మీది మెట్టుకు ఆనుతుంది. హీటర్ ఉండదు, ఉన్నా స్టోర్స్‌లో తాళం వేసి ఉంటుంది. షిఫ్టు ముగిసేలోగా పంపు ఎక్కాలి. కాబట్టి పైపు ముక్క ఆనించి సుత్తితో కొడతారు. పైపు బయటి రింగుకు ఆనిందంటే, ప్రతి దెబ్బా బాల్స్ గుండానే లోపలి రింగుకు దిగుతుంది. ఒక్కొక్క బాల్ కింద ఒక్కొక్క చిన్న గుంట. చేత్తో తిప్పి చూస్తే బాగానే తిరుగుతుంది. ఆ గుంటలు పెచ్చులుగా మారడానికి ఇక రన్నింగే తరువాయి.

తర్వాత కప్లింగ్. మోటారునూ పంపునూ స్టీలు స్కేలు ఆనించి, కంటితో చూసి, "సరిపోయింది" అంటారు. డయల్ గేజ్ పెట్టి ఒక చుట్టు తిప్పితే ముల్లు ఎంత కదులుతుందో ఎవరూ చూడరు. మోటారు నాలుగు కాళ్ళలో ఒకటి బేస్‌ప్లేటుకు ఆనకుండా గాల్లో ఉంటే, దాని కింద షిమ్ పెట్టాల్సింది పోయి, బోల్టును బలంగా బిగిస్తారు. మోటారు బాడీ వంకర పోతుంది. ఆ వంకర భారమంతా బేరింగు మీదే. ఇక్కడ బేరింగు డిజైనులో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: బాల్ బేరింగు మీద భారం రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. భారం పావువంతు పెరిగితే చాలు, సగం ఆయుష్షు పోయినట్టే. చివర్లో గ్రీజు. నిపుల్ మీది మట్టి తుడవకుండానే గన్ను పెడతారు. పాత గ్రీజు ఏ రకమో, కొత్తది ఏ రకమో అడగరు. పొసగని రెండు రకాలు కలిస్తే గ్రీజు పలచబడి కారిపోవచ్చు.

వారం తర్వాత ఆ పంపు వేడెక్కుతుంది. "చూశారా, విప్పకుండా ఉంటే ఇంకా రెండేళ్ళు నడిచేది" అంటారు. నిందంతా విప్పడం మీదికి వెళ్తుంది. సుత్తి, స్కేలు, మట్టి నిపుల్ తప్పించుకుంటాయి. పని చెడగొట్టిన తీరును వదిలి పనినే మానేయమనడం ఏ తర్కం? ఆపరేషన్లో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని ఆపరేషన్లే మానేసిన ఆస్పత్రి ఎక్కడా లేదు, పరికరాలను శుభ్రం చేయడం నేర్చుకున్నారు.

3. ఖర్చు అంటున్నారు, ఎవరి ఖాతాలో?

మెయింటెనెన్స్ ఖర్చు పద్దుపుస్తకంలో ఒకే వరుసలో, ఒకే పేరుతో కనబడుతుంది. అందుకే దాన్ని కోయడం తేలిక. బ్రేక్‌డౌన్ ఖర్చు అలా కనబడదు. అది ఓవర్‌టైమ్ పద్దులో కొంత, పాడైన సరుకు పద్దులో కొంత, అర్జంటుగా తెప్పించిన స్పేర్ల రవాణాలో కొంత, కరెంటు బిల్లులో కొంత చెదిరిపోతుంది. చెదిరిపోయిన ఖర్చు లేనట్టే అనుకోవడం లెక్క రాకపోవడం.

రైస్ మిల్లులో మోటారును చూడండి. పైనున్న రెక్కల మధ్య ఊక దుమ్ము, తవుడు పట్టి అట్ట కట్టి ఉంటుంది. గాలి తగలాల్సిన ఆ రెక్కలు దుమ్ము దుప్పటి కప్పుకున్నాక వైండింగ్ వేడి బయటికి పోదు. ఉండాల్సిన దానికంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో నడిస్తే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రికల్ ఇంజనీర్లు పాటించే లెక్క. బ్రష్షు, పావుగంట సమయం మిగుల్చుకుని, సీజన్ మధ్యలో మోటారును రీవైండింగ్ షాపుకు పంపుతారు.

ఆగితే ఎంత పోతుందో నిజంగా తెలిసిన పరిశ్రమలు ఇలా ఆలోచించవు. చక్కెర ఫ్యాక్టరీలనే తీసుకోండి. కోసిన చెరకు ఆలస్యమయ్యే కొద్దీ చక్కెర కోల్పోతుంది, బయట బండ్లు బారులు తీరి ఉంటాయి. క్రషింగ్ మధ్యలో మిల్లు ఆగితే నష్టం యార్డులో కళ్ళముందే కనబడుతుంది. అందుకే సీజన్ ముగియగానే మిల్లు రోలర్లు దించి, అరిగిన గాళ్ళు మళ్ళీ కోయించి, బేరింగులు, గేర్లు, బాయిలర్ ట్యూబులు చూసుకోవడం ఆ రంగంలో పాతుకుపోయిన ఆచారం. ఆగకూడదు కాబట్టే ముందుగా ఆపి విప్పుతారు. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో 1966లో మొదలైన పాత స్టేషన్ 2020 దాకా కరెంటిచ్చింది. బాయిలర్, టర్బైన్ యాభై ఏళ్ళు దాటి నిలబడ్డాయంటే ఏటేటా ఆపి, విప్పి, కొలిచి, మళ్ళీ బిగించిన మనుషుల పుణ్యమే అది. ఆ మనుషుల పేర్లు ఎక్కడా చెక్కలేదు.

ఖర్చు తగ్గించే పేరుతో ఇప్పుడు మెయింటెనెన్స్‌ను తక్కువ రేటు కోట్ చేసిన కాంట్రాక్టరుకు అప్పజెబుతున్నారు. ఐటీఐలో రెండేళ్ళు ఫిట్టర్ ట్రేడ్ చదివి వచ్చిన కుర్రాడికి ఆ కాంట్రాక్టరిచ్చే జీతం చాలక, ఏడాదికే డెలివరీ పనికో, గల్ఫ్‌కో పోతున్నాడు. ఆ మిషన్ శబ్దం ఎలా ఉండాలో నేర్చుకున్న చెవి అతనితోనే వెళ్ళిపోతోంది. ఆ నష్టాన్ని ఏ పద్దులో రాస్తారు?

4. "ఎలాగోలా నడిపించేవాడే మొనగాడు"

తీగతో కట్టి, వెల్డింగ్ ముక్క అతికించి, అర్ధరాత్రి లైను నడిపించిన మెకానిక్ అంటే నాకు గౌరవమే. నా అభ్యంతరం అతని మీద కాదు. ఆ రాత్రి అతికింపును తెల్లారాక శాశ్వత మరమ్మతుగా చెలామణి చేసే పెద్దల మీద.

ఆ అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో ఇంగ్లండులో ఫ్లిక్స్‌బరో కర్మాగారం చూపించింది. నైలాన్ ముడిసరుకు తయారుచేసే ఆ ప్లాంటులో ఆరు రియాక్టర్లు వరుసగా ఉండేవి. 1974 మార్చిలో ఐదోదానికి పగులు కనబడింది. దాన్ని తీసేసి, నాలుగోదాన్నీ ఆరోదాన్నీ 20 అంగుళాల గొట్టంతో కలిపారు. రియాక్టర్ల మూతులు 28 అంగుళాలవి. రెండు రియాక్టర్ల ఎత్తులు వేరు కాబట్టి గొట్టాన్ని మెలిక తిప్పారు, రెండు చివర్లా బెల్లోస్ పెట్టారు, కింద పరంజాతో ఆసరా ఇచ్చారు. ఆ గొట్టానికి ఉన్న డ్రాయింగల్లా వర్క్‌షాపు నేల మీద చాక్‌పీసుతో గీసిన గీతే. పీడనం పెరిగితే ఆ మెలిక మీద ఎంత బలం పడుతుందో లెక్క కట్టినవాళ్ళు లేరు. లెక్క కట్టాల్సిన వర్క్స్ ఇంజనీరు పోస్టు అప్పటికి ఖాళీ. ప్లాంటు మళ్ళీ నడిచింది, రెండు నెలలు బాగానే నడిచింది. జూన్ 1న గొట్టం తెగి, బయటపడ్డ సైక్లోహెక్సేన్ మేఘం అంటుకుని 28 మంది చనిపోయారు. ఆ రోజు శనివారం కాబట్టి ఆఫీసులు ఖాళీగా ఉన్నాయి, లేకపోతే ఇంకెందరు పోయేవారో.

మనకు దగ్గరలోనే నగరం అనే ఊరి ఉదాహరణ ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని ఆ ఊళ్ళో గ్యాస్ పైపు పగిలి మంటలు ఇళ్ళను చుట్టేశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి ఉన్న గ్యాస్ పారి, లోపలి నుంచి తుప్పు తినేసింది. అంతకుముందే లీకులు వచ్చాయని ఊరివాళ్ళు మొత్తుకున్నారు. ఒక లీకు కనబడ్డప్పుడు వేయాల్సిన ప్రశ్న "దీన్నెలా మూయాలి?" ఒక్కటే కాదు. "గొట్టం ఇక్కడే ఎందుకు చిల్లుపడింది, మిగతా పొడవంతా ఎలా ఉంది?" అన్నది దానికంటే పెద్దది. ఎలాగోలా నడిపించే సంస్కృతిలో ఆ రెండో ప్రశ్న వేసినవాడు ఆలస్యం చేసేవాడిగా ముద్ర వేయించుకుంటాడు.

5. "ఇప్పుడు ఆపలేం"

ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల ఆరో యూనిట్ 2017లోనే ఉత్పత్తికి వచ్చింది. ఆ నవంబరు 1న బాయిలర్ అడుగున బూడిద గడ్డకట్టి పేరుకుపోయింది. యూనిట్‌ను పూర్తిగా ఆపి, చల్లారనిచ్చి, ఆ గడ్డల్ని తీయాలి. ఆపలేదు. లోడు తగ్గించి, నిప్పు మండుతుండగానే కింద మనుషులు పని చేశారు. ఎగదన్నిన వేడి బూడిద, ఆవిరి 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు. ఆపితే ఎన్ని యూనిట్ల కరెంటు పోతుందో లెక్క కట్టినవాళ్ళకు ఆ కూలీలు లెక్కలోకి రాలేదు.

ఇదే బుద్ధికి మరో ముఖం ఉంది. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్న నోరే, ఆగి ఉన్నదానికి మెయింటెనెన్స్ ఎందుకంటుంది. విశాఖ ఎల్జీ పాలిమర్స్ లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ఫ్యాక్టరీయే. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ మాత్రం ఆగి లేదు. చల్లగా ఉంచకపోతే, నిరోధక రసాయనం తగినంత కలపకపోతే, అది తనలో తానే చర్య జరుపుకుని వేడెక్కుతుంది. శీతలీకరణను రాత్రీపగలూ నడపలేదని, నిరోధక రసాయనం తగినంత లేదని, ట్యాంకు పైభాగం ఉష్ణోగ్రత తెలిసే ఏర్పాటు లేదని, సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 2020 మే 7న వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తి దారుల్లో పడిపోయారు. 12 మంది చనిపోయారు. వాళ్ళెవరూ ఆ ఫ్యాక్టరీ లాభంలో భాగస్తులు కారు. మెయింటెనెన్స్ ఖర్చు మిగుల్చుకోవడం యాజమాన్యం సొంత విషయమనే వాదన ఆ ఊరి రోడ్ల మీద చచ్చిపోయింది.

6. "సెన్సర్లు వచ్చాయి, ఇక అన్నీ అవే చెబుతాయి"

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. వైబ్రేషన్ సెన్సర్ మంచి పరికరం, తప్పక పెట్టాలి. అది అలారం ఇస్తుంది, బేరింగు మార్చదు. అలారం వచ్చినా డిస్పాచ్ అయ్యేదాకా ఆగమనే చోట ఎన్ని సెన్సర్లు పెట్టినా గోడ మీద ఎర్రదీపాలు పెరుగుతాయంతే. 1971లో టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్ అనే పద్ధతికి పేరుతెచ్చిన జపాన్ కంపెనీ నిప్పాన్‌డెన్సో మొదలుపెట్టింది సెన్సర్లతో కాదు, ఆపరేటర్ చేతిలో తుడిచే గుడ్డ, ఆయిల్ డబ్బా, స్పానరు పెట్టి. మిషన్‌ను రోజూ తుడిచే చెయ్యి వదులైన బోల్టును ముందుగా పట్టుకుంటుంది.

కాబట్టి నా పక్షం ఇది. ప్రతి యంత్రానికీ ఏది కొలవాలి, ఎప్పుడు విప్పాలి, ఎందుకు విప్పాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఎందుకో చెప్పలేని పనిని తీసేయాలి, చెప్పగలిగిన పనిని ఏ ఆర్డరు కోసమూ వాయిదా వేయకూడదు. విప్పినదాన్ని మూసేటప్పుడు క్లియరెన్స్ ఎంత, అలైన్‌మెంట్ ఎంత, టార్క్ ఎంత అన్న అంకెలు రాసి, చేసినవాడూ చూసినవాడూ సంతకం పెట్టాలి. తాత్కాలిక మరమ్మతుకు ట్యాగ్ కట్టి, దాని మీద గడువు తేదీ వేయాలి. గడువు దాటితే మిషన్ ఆగాలి. బేరింగు హీటర్, డయల్ గేజ్, టార్క్ రెంచి స్టోర్స్ తాళం వెనక కాదు, రాత్రి షిఫ్టు ఫిట్టర్ చేతికందే చోట ఉండాలి. ఆ ఫిట్టర్‌కు నిలబడేంత జీతం ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆపమని చెప్పే అధికారం మెయింటెనెన్స్ ఇంజనీరుకు ఉండాలి, ఆ మాట ప్రొడక్షన్ మాటకు లోబడి ఉండకూడదు. అతను ఆపమన్నాక కూడా నడపాలనుకునే పెద్దమనిషి, ఫోన్లో నోటిమాటగా కాకుండా, తన పేరు, తేదీ, కారణం రాసి సంతకం పెట్టి నడపాలి. ఆ కాగితం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు అడిగిన రోజు బయటికి రావాలి.